ఆపడం కూడా ఒక పనే

వరంగల్ నుంచి భూపాలపల్లి వైపు వెళ్తే చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. అక్కడ 500 మెగావాట్ల యూనిట్ 2010లో, 600 మెగావాట్ల యూనిట్ 2016లో వాడుకలోకి వచ్చాయి. అంతటి టర్బైన్‌ను ఆపడమంటే ఆవిరి వచ్చే వాల్వులు మూసేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. వాల్వులు మూయడం క్షణాల పని. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. నిమిషానికి 3000 చుట్లు తిరిగే రోటర్ పదుల టన్నుల బరువుంటుంది, బాగా వేడెక్కి ఉంటుంది. దాన్ని కదలకుండా వదిలేస్తే పైభాగం, కిందిభాగం సమానంగా చల్లారవు, ఇరుసు వంగిపోతుంది. అందుకే ఇలాంటి కేంద్రాలన్నిటా బారింగ్ గేర్ అనే ఏర్పాటు ఉంటుంది. అది రోటర్‌ను గంటల తరబడి మెల్లగా తిప్పుతూ చల్లారనిస్తుంది. అంతసేపూ బేరింగులకు నూనె అందుతూనే ఉండాలి. కేంద్రం మొత్తానికీ ఏసీ కరెంటు పోయినా సరే, బ్యాటరీల మీద నడిచే డీసీ ఆయిల్ పంపు ఆ నూనెను అందిస్తుంది. అంటే టర్బైన్‌ను ఆపాక కూడా నూనె పంపు ఆగకూడదు. ఈ వరసను ముందే ఆలోచించి కట్టకపోతే, ఆపడమే యంత్రానికి ప్రమాదమవుతుంది.

బల్ల మీది కంప్యూటర్‌కూ ఇదే సూత్రం వర్తిస్తుంది. పైకి కనిపించేది ఒక బటన్, ఒక మెనూ, ఆ తర్వాత నల్లబడిన తెర. అందువల్ల షట్‌డౌన్ అంటే కరెంటు తీసేయడమేననీ, కొంచెం మర్యాదగా తీసేస్తుందంతేననీ అనుకుంటాం. ఆపరేటింగ్ సిస్టమ్ పుస్తకాలు కూడా కంప్యూటర్ ఎలా మొదలవుతుందో అధ్యాయాలకొద్దీ చెప్పి, ఎలా ఆగుతుందో ఒకటి రెండు పేరాల్లో ముగిస్తాయి. కరెంటు తీయడం ఈ పనిలో చిట్టచివరి, అతి చిన్న అంశం. అంతకుముందు జరిగేదంతా బాధ్యతల అప్పగింత. దానికి ఒక వరస కావాలి, కొంత వ్యవధి కావాలి, ఆగమని చెప్పే అధికారం ఎవరిదో తేలాలి. వరసను కెర్నెల్ చూసుకుంటుంది, అధికారాన్నీ అదే తేలుస్తుంది. వ్యవధిని మాత్రం అది సృష్టించుకోలేదు. అది బయటినుంచి రావాలి, మనమే ఇవ్వాలి. ఈ అధ్యాయం నిరూపించదలచుకున్నది ఇదే. కెర్నెల్ అంటే హార్డ్‌వేర్‌కూ, మనం వాడే ప్రోగ్రాములకూ మధ్య నిలిచే మూల ప్రోగ్రాం. ఉదాహరణగా లినక్స్ కెర్నెల్‌ను తీసుకుందాం. దాని సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది కాబట్టి చెప్పిన ప్రతి మాటనూ పాఠకులు సరిచూసుకోవచ్చు.

అప్పగించడానికి అక్కడ ఏముంటుంది? ముందు మన డేటా. ఫైల్ సేవ్ చేయగానే అది డిస్కులోకి చేరిపోయిందనుకుంటాం. మామూలు సందర్భాల్లో కెర్నెల్ దాన్ని ముందు మెమరీలోనే ఉంచుకుని, వీలు చూసుకుని డిస్కుకు పంపుతుంది. లినక్స్‌లో మామూలుగా ఉండే అమరిక ప్రకారం మారిన డేటా దాదాపు 30 సెకన్లపాటు మెమరీలోనే ఉండిపోవచ్చు. ప్రతి అక్షరానికీ డిస్కు దగ్గరికి పరుగెత్తితే కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది కాబట్టి ఈ ఆలస్యం కావాలని చేసిందే. డిస్కుకు చేరాక కూడా కథ ముగియదు. డిస్కులో సొంత క్యాష్ మెమరీ ఉంటుంది. డేటా అందిందని చెప్పి, దాన్ని ఆ క్యాష్‌లో పెట్టుకుని, తర్వాత అసలు చోటులో రాసుకుంటుంది. డేటాను చిప్‌లలో దాచే ఎస్‌ఎస్‌డీ అయితే ఇంకో చిక్కు: ఏ డేటా ఏ చిప్‌లో ఏ మూల ఉందో చెప్పే పట్టిక ఒకటి అది నిరంతరం సవరించుకుంటూ ఉంటుంది. ఆ పట్టిక దెబ్బతింటే డేటా చిప్‌లోనే ఉన్నా దొరకదు. ఇలా ఏ క్షణంలో చూసినా కంప్యూటర్‌లో ఒకదాని మాట నమ్మి మరొకటి వాయిదా వేసిన పనులు అనేకం ఉంటాయి. ఆపే ముందు ఆ బాకీలన్నీ తీరాలి.

తీర్చడం పైనుంచి మొదలవుతుంది. ముందు ప్రోగ్రాములకు ముగించమన్న సంకేతం వెళ్తుంది. ఎక్కువ లినక్స్ పంపిణీల్లో ఈ పని చూసే సిస్టమ్‌డీ మామూలుగా 90 సెకన్లు ఆగి, అప్పటికీ ముగించని సర్వీసును బలవంతంగా ఆపేస్తుంది. డిస్కులో ఫైళ్ల అమరికను చూసే ఫైల్ సిస్టమ్‌లను విడదీశాక చివరగా కెర్నెల్‌కు ఆగమని పిలుపు వెళ్తుంది. ఈ పిలుపును దగ్గరగా చూడాలి. ఆగమంటే చాలదు, పిలుపుతోపాటు రెండు నిర్ణీత సంఖ్యలు ఇవ్వాలి. మొదటి సంఖ్యను పదహారు ఆధారంగా రాస్తే ఇంగ్లీషు అక్షరాల్లో ‘ఫీల్ డెడ్’ అన్నట్టు చదవవచ్చు. రెండోది 672274793. దీన్ని కూడా అలాగే రాస్తే 28121969 వస్తుంది, అంటే లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ పుట్టిన తేదీ 1969 డిసెంబరు 28. దీనికి బదులు వాడగల సంఖ్యలు మరికొన్ని కూడా ఉన్నాయి. సరదాగా కనిపించే ఈ ఏర్పాటు వెనక గట్టి కారణం ఉంది. ఏదో ప్రోగ్రాంలో తప్పు దొర్లి, చెత్త విలువలతో పొరపాటున ఈ పిలుపు వెళ్తే కంప్యూటర్ ఆగిపోకూడదు. సంఖ్యలు సరిపోతేనే చాలదు, పిలిచిన ప్రోగ్రాంకు ఆ అనుమతి ఉందో లేదో కూడా కెర్నెల్ చూస్తుంది. వెనక్కి తీసుకోలేని పనికి తలుపు దగ్గరే రెండు తాళాలు పెట్టారన్నమాట.

తలుపు దాటాక పరికరాల వంతు. కంప్యూటర్ మొదలైనప్పుడు కెర్నెల్ పరికరాలను ఒక్కొక్కటిగా గుర్తిస్తూ జాబితాలో చేర్చుకుంటుంది. ముందు పరికరాలను కలిపే ప్రధాన మార్గమైన బస్, దాని మీద యూఎస్‌బీ కంట్రోలర్, దాని కింద హబ్, హబ్‌కు తగిలించిన పెన్‌డ్రైవ్. ఆపేటప్పుడు ఇదే జాబితాను చివరినుంచి మొదటికి చదువుతుంది. ముందు పెన్‌డ్రైవ్, తర్వాత హబ్, ఆ తర్వాతే కంట్రోలర్. కంట్రోలర్‌ను ముందు ఆపేస్తే పెన్‌డ్రైవ్‌కు చివరి మాట చేరే దారి ఉండదు. చూడ్డానికి ఇది తేలికైన నియమం, కానీ నిజమైన హార్డ్‌వేర్ దీనికి పూర్తిగా లొంగలేదు. ఫోన్లలో, చిన్న బోర్డుల్లో ఒక తెరకు కావలసిన విద్యుత్తు ఎక్కడో వేరే కొమ్మ మీద ఉన్న పవర్ చిప్ నుంచి రావచ్చు. పరికరాల వంశవృక్షంలో ఆ రెంటికీ చుట్టరికం లేకపోయినా, ఒకటి లేకుండా రెండోది బతకదు. ఇలాంటి సంబంధాలను విడిగా నమోదు చేసే వీలు లినక్స్‌లోకి 2017లో వచ్చిన 4.10 వెర్షన్‌తో వచ్చింది. ఫలానా పరికరం ఫలానా దాని మీద ఆధారపడిందని డ్రైవర్ చెబితే, కెర్నెల్ జాబితాలో ఆధారపడిన దాన్ని వెనక్కి జరుపుతుంది. అప్పుడు ఆపేటప్పుడు దాని వంతు ముందు వస్తుంది. వరస అన్నది పైపై క్రమశిక్షణ అయితే ఇంత శ్రమ పడనక్కర్లేదు.

జాబితాలో డిస్కు వంతు వచ్చినప్పుడు ఏం జరుగుతుందో చూస్తే వరస విలువ ఇంకా బాగా అర్థమవుతుంది. హార్డ్ డిస్కుకు కెర్నెల్ ముందు క్యాష్‌లో మిగిలినదంతా రాసేయమని చెబుతుంది. తర్వాత విశ్రాంతి స్థితికి వెళ్లమంటుంది. డిస్కు అప్పుడు తిరిగే పళ్లెం మీద తేలుతూ డేటాను చదివే, రాసే హెడ్‌లను నెమ్మదిగా పక్కకు తెచ్చి, వాటి చోటులో పెట్టి, మోటార్‌ను ఆపుతుంది. చెప్పకుండా కరెంటు పోతే డిస్కు తనకు తానే హెడ్‌లను హడావిడిగా వెనక్కి లాక్కుంటుంది. ఆ ఏర్పాటు ఉంది కానీ అది ఆపద వేళకు పెట్టుకున్నది, రోజువారీ వాడకానికి పెట్టినది కాదు. 2023లో లినక్స్ కెర్నెల్‌లో ఒక మార్పు చేశారు. సిస్టమ్‌ను నిద్రపుచ్చి లేపేటప్పుడు డిస్కుల వ్యవహారం మెరుగుపరచడం దాని ఉద్దేశం. దాని పక్క ప్రభావంగా, షట్‌డౌన్ సమయంలో సాటా డిస్కులకు ఆగమన్న ఆదేశం వెళ్లడం మానేసింది. కంప్యూటర్లు మామూలుగానే ఆగాయి, తెర మీద ఏ తప్పూ కనిపించలేదు. తేడా తెలిసింది డిస్కులు తమలో తాము నమోదు చేసుకునే లెక్కల్లో: అనుకోకుండా కరెంటు పోయిన సందర్భాల సంఖ్య ప్రతి షట్‌డౌన్‌కూ పెరగసాగింది. అదే ఏడాది అక్టోబరులో ఆ లోపాన్ని సరిదిద్దారు. మన కంటికి సాఫీగా జరిగిన షట్‌డౌన్‌ను డిస్కు ప్రమాదంగా లెక్కపెట్టిన సందర్భమిది. అప్పగింత జరిగిందో లేదో చెప్పాల్సింది తెర కాదు, పరికరమే. ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీల్లో ఈ ఒప్పందం ఇంకా స్పష్టం: ఆగబోతున్నామని కెర్నెల్ ఒక రిజిస్టర్‌లో రాస్తుంది, సర్దుకోవడం పూర్తయిందని డ్రైవ్ మరో రిజిస్టర్‌లో చూపిస్తుంది, ఆ జవాబు కోసం కెర్నెల్ ఎదురుచూస్తుంది.

అన్నీ ఆగాక మిగిలేది కెర్నెల్, అది నడుస్తున్న ప్రాసెసర్. ఇక్కడ ఒక వింత అడ్డంకి ఉంది: తన కాళ్ల కింద కరెంటును తానే తీసేసే శక్తి కెర్నెల్‌కు స్వతహాగా లేదు. విండోస్ 95 కాలపు కంప్యూటర్లు చాలావరకు ఇక ఆపేసుకోవచ్చని తెర మీద సందేశం పెట్టి, మనిషి స్విచ్ నొక్కేదాకా ఎదురుచూసేవి. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ ప్రమాణంతో మదర్‌బోర్డే పవర్ సప్లైని ఆపగల తీగ ఒకటి వచ్చింది. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ అనే ప్రమాణాన్ని ప్రకటించాయి. పూర్తిగా ఆగిన స్థితికి అందులో ఎస్5 అని పేరు. ఆ స్థితికి వెళ్లడానికి ఏ విలువ రాయాలో ఒక్కో బోర్డుకు ఒక్కో రకం కాబట్టి, బోర్డు తయారీదారు ఫర్మ్‌వేర్‌లో రాసిపెట్టిన పట్టిక నుంచి కెర్నెల్ దాన్ని చదువుకుంటుంది. మిగతా ప్రాసెసర్ కోర్‌లను పక్కనపెట్టి ఒకే కోర్ మీదికి చేరి, ఆ విలువను రిజిస్టర్‌లో రాస్తుంది. అదే దాని చివరి చర్య. చాలా ఆర్మ్ ప్రాసెసర్లలో ఇదే పనికి ఫర్మ్‌వేర్‌ను నేరుగా పిలుస్తారు. కొన్ని చిన్న బోర్డుల్లో పవర్ చిప్‌కు సందేశం పంపుతారు. ఆపగలిగే మార్గాలు ఒకటికి మించి ఉన్న బోర్డుల కోసం, దేన్ని ముందు ప్రయత్నించాలో ప్రాధాన్యం ప్రకారం నమోదు చేసే పద్ధతి 2022లో వచ్చిన 5.19 వెర్షన్‌లో చేరింది. ఆపే మార్గం ఏదీ లేదని తేలితే లినక్స్ అబద్ధమాడదు. సిస్టమ్ నిలిచిపోయిందని మాత్రం చెప్పి ఊరుకుంటుంది.

ఇంత శ్రమ అవసరమా అని అడిగేవాళ్లున్నారు, వాళ్ల వాదన తేలికగా కొట్టేయదగ్గది కాదు. 2003లో జార్జ్ కాండియా, అర్మాండో ఫాక్స్ ఒక వ్యాసంలో దీన్ని పదునుగా చెప్పారు. ఏ ప్రోగ్రామైనా ఎప్పుడో ఒకప్పుడు హఠాత్తుగా కూలుతుంది, అప్పుడు తేరుకునే శక్తి దానికి ఎలాగూ ఉండాలి. ఆ శక్తి ఉన్నప్పుడు మర్యాదగా ఆపడానికి మరో దారి దేనికి? కూల్చేయడమే ఆపే పద్ధతిగా పెట్టుకుంటే, తేరుకునే దారి రోజూ పరీక్షకు నిలుస్తుంది, బలపడుతుంది. ఫైల్ సిస్టమ్‌లు కూడా ఈ దిశలోనే నడిచాయి. 2001లో లినక్స్‌లో చేరిన ఈఎక్స్‌టీ3 చేయబోయే మార్పును ముందు ఒక చిట్టాలో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోతే లేచాక ఆ చిట్టా చూసి సర్దుకుంటుంది. అంతకుముందు కరెంటు పోయిన ప్రతిసారీ డిస్కునంతా వెతికి సరిచేయాల్సి వచ్చేది. కరెంటు కోతలు అలవాటైన ఊళ్లకు ఇది నిజంగా పెద్ద మేలు చేసింది.

అయినా ఈ వాదన ఒక చోట ఆగిపోతుంది. చిట్టా కాపాడేది ప్రధానంగా ఫైల్ సిస్టమ్ కట్టుబడిని. మనం రాసిన చివరి పేజీని కాపాడతానని అది మాట ఇవ్వదు. 2009 మొదట్లో ఈఎక్స్‌టీ4 వాడుతున్నవాళ్లకు ఇది అనుభవమైంది. ఆ ఫైల్ సిస్టమ్ వేగం కోసం డేటాకు డిస్కులో చోటు కేటాయించడాన్ని ఇంకొంత ఆలస్యం చేస్తుంది. సిస్టమ్ హఠాత్తుగా కూలి తిరిగి లేచేసరికి, కొద్దిసేపటి కిందట మార్చిన కొన్ని ఫైళ్లు పేరు మిగిలి లోపల ఏమీ లేకుండా కనిపించాయి. చిట్టా ప్రకారం అంతా సక్రమమే, లోపల సరుకే లేదు. సాధారణంగా తలెత్తే సందర్భాలకు తర్వాత మార్పులు చేశారు. రెండో సంగతి ఇంకా మౌలికమైనది. కూలినా తేరుకుంటాను అన్న ధీమాకు ఆధారం, రాశానని డిస్కు చెప్పినది నిజంగా రాసి ఉంటుందన్న నమ్మకం. 2013లో స్టోరేజీ పరిశోధనలకు సంబంధించిన ఫాస్ట్ సదస్సులో వెలువడిన ఒక అధ్యయనం 15 ఎస్‌ఎస్‌డీలకు కావాలనే మాటిమాటికీ కరెంటు తీసి చూసింది. వాటిలో 13 ఏదో ఒక రకంగా తప్పాయి: డేటా చెడినవి, సగమే రాసినవి, రాశానని చెప్పిన దాన్ని పోగొట్టుకున్నవి, పూర్తిగా చచ్చిపోయినవీ ఉన్నాయి. ఆ తర్వాతి తరాల డ్రైవ్‌లు మెరుగుపడి ఉండవచ్చు; సర్వర్లకు అమ్మే వాటిలో చివరి డేటా రాయడానికి సరిపడా కెపాసిటర్లు పెడుతున్నారు. కానీ సూత్రం మారదు. పైనున్న ప్రోగ్రాం కూలిపోయే ధైర్యం చేయగలిగేది కిందనున్న డిస్కు నిలబడుతుంది కాబట్టి. డిస్కే కూలితే పట్టుకునేందుకు దాని కింద ఇంకేమీ లేదు. కాబట్టి హఠాత్తుగా ఆగినా తట్టుకునే శక్తీ కావాలి, వరసగా ఆగే పద్ధతీ కావాలి. మొదటిది ఉంది కదా అని రెండోదాన్ని వదులుకోవడం బీమా ఉందని బ్రేకులు తీసేయడమే.

మరో అభ్యంతరం వేగం గురించి. పదుల కొద్దీ ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లున్న సర్వర్‌లో ఒక్కొక్కటీ సర్దుకునేదాకా ఆగితే షట్‌డౌన్‌కే నిమిషాలు పట్టవచ్చు. ఒక పరికరం జవాబివ్వకుండా మొండికేస్తే మిగతావన్నీ దాని కోసం కాచుకోవాలా? న్యాయమైన ప్రశ్నే. అందుకే కెర్నెల్ ఎదురుచూపుకు హద్దు ఉంటుంది: ఎన్‌వీఎంఈ డ్రైవ్‌కు మామూలుగా 5 సెకన్లు, తనకు ఇంకా ఎక్కువ కావాలని డ్రైవ్ ముందే చెప్పుకుంటే ఆ మేరకు, గరిష్ఠంగా 60 సెకన్లు. ప్రాసెసర్ ప్రమాదకరంగా వేడెక్కినప్పుడు కెర్నెల్ ముందు పద్ధతిగా ఆపే ప్రయత్నం చేస్తుంది. నిర్ణీత వ్యవధిలో అది జరగకపోతే బలవంతంగా ఆపేసేలా అమర్చవచ్చు. ఒకదానితో ఒకటి సంబంధం లేని పరికరాలను ఒకేసారి ఆపితే సమయం కలిసొస్తుందన్న ఆలోచన కూడా ఉంది. 2024లో అలాంటి మార్పును కెర్నెల్‌లో చేర్చి, చిక్కులు ఎదురవడంతో వెనక్కి తీసుకున్నారు. ఆ ఆలోచన తప్పని దీనర్థం కాదు. ఏది దేని మీద ఆధారపడిందో పూర్తిగా తెలియకుండా వరసను సడలించడం ఎంత కష్టమో ఇది చూపిస్తుంది. విద్యార్థుల కంప్యూటర్లలో తరచూ ఎదురయ్యే ఇంకో సంగతి కూడా వేగం కోసం చేసిన సర్దుబాటు ఫలితమే. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి షట్‌డౌన్ అంటే చాలా కంప్యూటర్లలో విండోస్ కెర్నెల్ అప్పటి స్థితిని డిస్కులో భద్రపరిచి ఆపడమే. అదే కంప్యూటర్‌లో లినక్స్ తెరిస్తే, విండోస్ భాగం ఇంకా వాడుకలో ఉన్నట్టు గుర్తించి, దానిలో రాయడానికి నిరాకరిస్తుంది. అప్పగింత సగమే జరిగిందని గుర్తించి చేయి వెనక్కి తీసుకోవడం ఇక్కడ సరైన పనే.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఇప్పటిదాకా చెప్పినదంతా, ఆగబోతున్నామని కెర్నెల్‌కు ముందు తెలిస్తేనే జరుగుతుంది. గోడలోని కరెంటు పోతే ఎంత వ్యవధి ఉంటుంది? డెస్క్‌టాప్ పవర్ సప్లైలోని కెపాసిటర్లు నిలపాల్సింది సుమారు 16 మిల్లీసెకన్లు. మన 50 హెర్ట్జ్ కరెంటులో ఒక ఆవృత్తానికే 20 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే ఒక్క ఆవృత్తం పూర్తిగా తప్పేలోపే కంప్యూటర్ ఆగిపోవచ్చు. పద్ధతిగా ఆగడానికి మాత్రం సెకన్లు కావాలి. ఉమ్మడి రాష్ట్రం చివరి ఏళ్లలో వరంగల్ వంటి పట్టణాల్లో గంటల లెక్కన కోతలుండేవి, ఇంటింటికీ ఇన్వర్టర్లు వచ్చాయి. చాలా ఇన్వర్టర్ల మీద యూపీఎస్, నార్మల్ అని రెండు పద్ధతులకు స్విచ్ ఉంటుంది. నార్మల్‌లో పెడితే బ్యాటరీకి మారేలోపు ఫ్యాను ఆగదు కానీ కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. కారణం ఆ 16 మిల్లీసెకన్లే. కరెంటు పోయాక బ్యాటరీతో కాసేపు నడిపే యూపీఎస్ ఉన్నా సమస్య సగమే తీరుతుంది. అది వ్యవధి ఇస్తుంది. ఆ వ్యవధి ఎంతో, ఎప్పుడు అయిపోతుందో కంప్యూటర్‌కు చెప్పాలంటే యూఎస్‌బీ కేబుల్ కావాలి, ఆ కబురు వినే సాఫ్ట్‌వేర్ కావాలి. కేబుల్ లేని యూపీఎస్ బ్యాటరీ అయిపోయేదాకా నడిపి, అప్పుడు చెప్పకుండా తీసేస్తుంది. కోత కొన్ని నిమిషాలు వాయిదా పడుతుంది, తప్పిపోదు. కేబుల్ ఉన్నప్పుడు వరసలో ఇంకో మెట్టు చేరుతుంది. కంప్యూటర్ ఆగాక యూపీఎస్ కూడా తన కరెంటును ఒకసారి తీసి మళ్లీ ఇవ్వాలి. లేకపోతే కంప్యూటర్ ఆగుతున్న సమయంలోనే గోడలోకి కరెంటు తిరిగొస్తే, కరెంటు పోయిన సంగతే మదర్‌బోర్డుకు తెలియదు, కాబట్టి తనంతట తాను మళ్లీ లేవదు. మనిషి వచ్చి బటన్ నొక్కేదాకా ఆ కంప్యూటర్ అలాగే పడుంటుంది. సర్వర్ల కోసం రాసిన యూపీఎస్ సాఫ్ట్‌వేర్ ఈ చివరి మెట్టును కూడా చూసుకుంటుంది.

ఇప్పుడు 24 గంటల కరెంటు ఉంది కదా, ఇదంతా పాత బాధ కదా అనవచ్చు. సరఫరా మెరుగుపడిన మాట నిజం. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి కూడా 24 గంటల సరఫరా మొదలైంది. కానీ కోత తగ్గడం వేరు, అంతరాయం లేకపోవడం వేరు. గాలివానకు చెట్టుకొమ్మ తీగల మీద పడుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోతుంది, ఇంట్లో ఎంసీబీ ట్రిప్ అవుతుంది, కాలు తగిలి ప్లగ్గు ఊడుతుంది. పైగా గంటల లెక్కన కోతలున్నప్పుడు సమయం ముందే తెలిసేది, పని ముగించి కంప్యూటర్ ఆపేసేవాళ్లు. నేటి అంతరాయం అరుదైనది కాబట్టి చెప్పకుండా వస్తుంది, సిద్ధంగా లేనివాళ్లనే దెబ్బతీస్తుంది. మడికొండ ఐటీ పార్కులో 2020 నుంచి పెద్ద సంస్థలు పనిచేస్తున్నాయి. అలాంటి చోట్ల జనరేటర్లు, పెద్ద యూపీఎస్‌లు, వాటిని చూసే సిబ్బంది ఉంటారు. మీసేవ కేంద్రంలో, ల్యాబ్‌లో, బడిలో, చిన్న ఆసుపత్రిలో ఉన్న కంప్యూటర్‌కు ఆ అండ లేదు. రికార్డులు మాత్రం అందులోనూ అంతే విలువైనవి.

అందుకని ఈ వాదన చివరికి చేరేది ఒక ఆచరణకు. యూపీఎస్ కొనేటప్పుడు ఎన్ని నిమిషాలు నిలుస్తుందని అడుగుతాం. కంప్యూటర్‌కు కబురు పంపుతుందా అని కూడా అడగాలి; పంపేదైతే ఆ కేబుల్ తగిలించి, ఒక రోజు గోడ స్విచ్ తీసి, నిజంగా పద్ధతిగా ఆగుతోందో లేదో చూడాలి. అనుకోకుండా ఎన్నిసార్లు కరెంటు పోయిందో డిస్కు తన లెక్కల్లో దాచి ఉంచుతుంది. స్మార్ట్‌సీటీఎల్ వంటి ఉచిత సాధనంతో ఆ సంఖ్యను ఎవరైనా చదవవచ్చు. రోజూ షట్‌డౌన్ చేస్తున్నామనుకుంటున్న కంప్యూటర్‌లో ఆ సంఖ్య పెరుగుతూ ఉంటే ఎక్కడో వరస తప్పుతోందని అర్థం. కెర్నెల్ రాసినవాళ్లు మూడు దశాబ్దాలకు పైగా ఈ వరసను తప్పు తప్పుకూ దిద్దుకుంటూ వస్తున్నారు. వాళ్లు ఎంత దిద్దినా 16 మిల్లీసెకన్లలో ఆ పని ముగియదు. దానికి కావలసిన కొన్ని సెకన్లు యంత్రం చుట్టూ మనం చేసే ఏర్పాటు నుంచే రావాలి. ఒక కేబుల్‌తో, ఒక పూట పరీక్షతో అవి దొరుకుతాయి.